హైబ్రిడ్ కొని రెండు నెలలు: ఈవీ 63 శాతం చూపిస్తోంది, మైలేజీ మాత్రం లీటరుకు 19

కొత్తచక్రం
అందరికీ నమస్కారం. పదేళ్లు మామూలు పెట్రోలు బండి నడిపి రెండు నెలల కిందట పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్‌కి మారాను. ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసే రకం కాదు, నడుస్తూ తనే ఛార్జ్ చేసుకునే రకం. కొన్న రోజు నుంచీ నాకు ఒకటే ధ్యాస: ఇంజిన్ లేవకూడదు. గ్రీన్ పడగానే పెడల్ మీద కాలు ఆనీ ఆనకుండా పెడతాను. ఇంజిన్ ఆగి మోటారు మీదే నడుస్తోందని చెప్పే ఆకుపచ్చ ‘ఈవీ’ గుర్తు మీటరులో ఆరిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. వెనకాల హారన్లు మోగుతూనే ఉంటాయి, అది వేరే సంగతి.

ఇంత చేస్తే బండి ఆపాక స్క్రీన్ చెప్పే లెక్క ఇది: ఈవీలో నడిచిన సమయం 63 శాతం, మైలేజీ 19. మా ఆఫీసులో ఒకాయనకి అచ్చం ఇదే బండి ఉంది. ఆయన ఇవేవీ పట్టించుకోరు. ఈవీ 50 దాటదు, కానీ 23 వస్తోందట. నా బండిలో లోపమా, నా కాలిలో లోపమా?

సగంట్యాంకు
మూడు ప్రశ్నలు. టైర్లలో గాలి ఎప్పుడు చూశారు? రోజూ ఎంత దూరం? 19 అన్నది స్క్రీన్ లెక్కా, ట్యాంకు లెక్కా?

కొత్తచక్రం
గాలి కొన్నప్పుడు పట్టిందే. ఒకవైపు 9 కిలోమీటర్లు, దారిలో 14 సిగ్నళ్లు. స్క్రీన్ లెక్కే.

సగంట్యాంకు
రెండు నెలలైతే ముందు గాలి చూడండి. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో రాసినంత. పొద్దున్నే, బండి కదలకముందు. నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. వినడానికి చిన్నదే, కానీ ఎనిమిది పీఎస్‌ఐ తక్కువతో తిరిగేవాళ్లని చూశాను.

మీటరుపిచ్చి
గాలి సంగతి సరే, అసలు జబ్బు మొదటి పోస్టులోనే ఉంది. ‘ఇంజిన్ లేవకూడదు’ అన్న ఆ ఒక్క వాక్యం.

కొత్తచక్రం గారూ, మీ బ్యాటరీలో ఉన్న కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? బయట ప్లగ్గు లేదు. ప్రతి చుక్కా పెట్రోలు నుంచి వచ్చిందే. కొంత ఇంజిన్ నేరుగా జనరేటర్‌ని తిప్పితే వచ్చింది, మిగతాది బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చింది. ఆ బ్రేకులో పట్టిన వేగం కూడా మొదట పెట్రోలు పోసి తెచ్చుకున్నదే. అంటే బ్యాటరీ మీకు అదనపు జీతం కాదు, పెట్రోలు నోటు మార్చగా వచ్చిన చిల్లర. మార్చిన ప్రతిసారీ కమీషన్ పోతుంది. ఇంజిన్ నుంచి జనరేటర్‌కి కొంత, బ్యాటరీలోకి వెళ్లేటప్పుడు కొంత, బయటికి వచ్చేటప్పుడు కొంత, మోటారులో మరికొంత. ఒక్కోచోట పదో వంతు పోయిందనుకున్నా, నాలుగు మెట్లు దాటి చక్రానికి చేరేసరికి మిగిలేది మూడింట రెండు వంతులే.

ఆ చిల్లర ఎంతో కూడా చూడండి. ఈ రకం బండ్లలో బ్యాటరీ చిన్నది. పాత టయోటా ప్రియస్‌లలో 1.3 యూనిట్లు, కరెంటు బిల్లులో చూసే యూనిట్లే. అందులోనూ బండి మొత్తం వాడనివ్వదు. బ్యాటరీ పదికాలాలు ఉండాలని మధ్యలోని భాగంతోనే నడిపిస్తుంది. సుమారు అర యూనిట్ చేతికొస్తుందనుకుందాం. అదే పనిని ఇంజిన్‌తో చేయిస్తే ఒక గ్లాసుడు పెట్రోలు కూడా పట్టదు. ఆ గ్లాసుడు కోసం మీరు వెనకాల హారన్లు మోగించుకుంటున్నారు.

కొత్తచక్రం
అయితే ఈవీ గుర్తు వెలగడం మంచిది కాదా? షోరూంలో అదే చూపించి అమ్మారు కదండీ!

మీటరుపిచ్చి
వెలగడం మంచిదే, బలవంతంగా వెలిగించడమే చెడ్డది. కదిలేటప్పుడు సరిపడా తొక్కాలి. మీరు సిగ్నల్ తర్వాత సిగ్నల్ ఇలా నత్తలా కదులుతూ పోతే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు బండి తనే ఇంజిన్ లేపి, మీరు సిగ్నల్ దగ్గర నిలబడ్డా సరే, బ్యాటరీ నింపుకుంటుంది. బండి కదలదు, పెట్రోలు కాలుతుంది. ఆగినచోట ఇంజిన్ గుర్రుమనడం మీకు తరచూ వినిపిస్తుందా?

ఇంకొకటి, 63 శాతం అన్నది సమయం, దూరం కాదు. రెడ్ లైటు దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డా అది ఈవీ ఖాతాలోనే పడుతుంది. 14 సిగ్నళ్లున్న దారిలో ఆ అంకె ఎవరికైనా బాగానే కనిపిస్తుంది.

కొత్తచక్రం
వినిపిస్తుంది. దాదాపు ప్రతిరోజూ, ఎనిమిదో సిగ్నల్ దగ్గరో తొమ్మిదో సిగ్నల్ దగ్గరో. బండికి ఏదో రోగం అనుకున్నాను.

పాతగేరుబండి
బాబూ మీటరుపిచ్చీ, ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. మెల్లగా తొక్కితే పెట్రోలు మిగులుతుందని నేర్చుకున్నాం, అందరికీ నేర్పించాం. ఇప్పుడు నువ్వొచ్చి గట్టిగా తొక్కమంటున్నావు. ఇదేం విడ్డూరం?

మీటరుపిచ్చి
గట్టిగా అనలేదు పెద్దాయనా, సరిపడా అన్నాను. మీ పాత బండిలో మీరు చేసిందీ అదే. 40కల్లా నాలుగో గేరు వేసి ఇంజిన్‌ని తక్కువ తిప్పుళ్లలో, కాస్త బరువు మీద నడిపేవారు కదా? మొదటి గేరులో గీ పెడుతూ నడిపేవారు కాదు. పెట్రోలు ఇంజిన్‌కి బొత్తిగా పని లేకపోతే నష్టం. లోపలి రాపిడికి, గాలి పీల్చుకోవడానికి పోయేది ఎలాగూ పోతుంది. చేతినిండా పని ఉన్నప్పుడే తిన్నదానికి తగ్గట్టు ఇస్తుంది.

హైబ్రిడ్ ఇంజిన్లు చాలావరకు ఆట్కిన్సన్ పద్ధతివి. 1880లలో జేమ్స్ ఆట్కిన్సన్ అనే బ్రిటిష్ ఇంజనీరు పేటెంట్ చేసిన ఆలోచన. ఈ కాలం బండ్లలో గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి ఆ ఫలితం రాబడతారు. కుదింపు తక్కువ, వ్యాకోచం ఎక్కువ. పికప్ తగ్గుతుంది గానీ పెట్రోలులోని శక్తిని ఎక్కువ పిండుకుంటుంది. 2015లో వచ్చిన నాలుగో తరం ప్రియస్ ఇంజిన్ గరిష్ఠంగా 40 శాతం దాకా రాబట్టగలదని టయోటా చెప్పింది. ఆ 40 వచ్చేది మధ్యస్థమైన బరువు మోస్తున్నప్పుడు. పాకుతున్నప్పుడు రాదు.

కాబట్టి కొత్తచక్రం గారూ, రేపటి నుంచి ఇలా చేసి చూడండి. గ్రీన్ పడింది. మొదటి కొన్ని మీటర్లు మోటారే లాగుతుంది, లాగనివ్వండి. తర్వాత పవర్ మీటరు ముల్లు ‘ఎకో’ భాగంలో పైఅంచు దగ్గరికి వచ్చేంత తొక్కండి. ఇంజిన్ లేస్తుంది, లేవనివ్వండి. ‘పవర్’ భాగంలోకి మాత్రం పోనివ్వొద్దు. పది, పన్నెండు సెకన్లలో కావలసిన వేగం వస్తుంది. అప్పుడు కాలు పూర్తిగా ఎత్తేయండి, ఇంజిన్ ఆగుతుంది. వెంటనే పెడల్‌ని ఒక్క పిసరు మళ్లీ ఆనించండి. స్క్రీన్‌లో బాణాల బొమ్మ ఉంటే చూడండి: బ్యాటరీలోకి పోయేదీ లేక, వచ్చేదీ లేక, బాణాలన్నీ మాయమవుతాయి. బండి ఊరికే దొర్లుతుంది. ఆ స్థానం మీ అరికాలికి అలవాటు కావడానికి వారం పడుతుంది. అలవాటయ్యాక స్క్రీన్ చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా.

వెనకసీటు
ఈ ప్రయోగాల బాధితురాలిని మాట్లాడుతున్నాను. మా ఆయన ఎక్కడో చదివి ‘పల్స్ అండ్ గ్లైడ్’ మొదలుపెట్టారు. 60కి లేపడం, 40కి జారనివ్వడం, మళ్లీ 60. ఊయల ఊగినట్టే. మూడో రోజుకి పిల్లాడికి వాంతులు. లీటరుకు ఒకటిన్నర పెరిగిందని ఆయన సంబరం, సీటు కడిగింది నేను.

పాతగేరుబండి
అమ్మా, నీ పోస్టుకి నూరు మార్కులు.

మీటరుపిచ్చి
ఒప్పుకుంటాను. ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఉంటే సరే. వెనకాల బండ్లున్నప్పుడు వేగం అలా పైకీ కిందికీ ఆడించడం ప్రమాదం కూడా. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య ఒక్కసారి లేపి, ఒక్కసారి జారనిస్తే చాలు. ఆగాల్సినచోట ఎలాగూ ఆగాలి కదా, దొర్లుడు దానికి ముందు పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

ఘాట్‌రోడ్డు
అసలు డబ్బంతా బ్రేకులో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ముందు రెడ్ కనబడగానే కాలు తీసి, బ్రేకు మీద మెత్తగా పెట్టి, పొడుగ్గా ఆపండి. మీటరులో ‘ఛార్జ్’ గీత చివరికంటా పోతోందంటే మోటారు పట్టగలిగినంత పట్టేసింది, మిగతాదంతా ప్యాడ్ల మీద వేడిగా పోతోందని అర్థం. గీత సగం, ముప్పావు మధ్య ఉండేలా తొక్కితే దాదాపు అంతా బ్యాటరీకే. చివర్లో, బండి నడక వేగానికి వచ్చేసరికి, మోటారు వదిలేస్తుంది, మామూలు బ్రేకే పట్టుకుంటుంది. అక్కడ మనం చేయగలిగింది లేదు.

మీటరుపిచ్చి
నిజం. అయితే బ్రేకులో తిరిగొచ్చేదానికన్నా బ్రేకే వేయకపోవడం మేలు. లెక్క చూడండి. మనుషులతో కలిపి 1,400 కిలోల బండి 60 మీద ఉంటే అందులోని వేగపు శక్తి 0.054 యూనిట్లు. 40 మీద 0.024. వేగం ఒకటిన్నర రెట్లే, శక్తి రెండుంపావు రెట్లు. 14 సిగ్నళ్లలో 60 నుంచి సున్నాకి దిగితే 0.75 యూనిట్లు చేతులు మారాయి. రీజెన్ (బ్రేకులో కరెంటు తిరిగి పట్టడం) ఎంత బాగున్నా మూడో వంతు పోతుంది, అంటే పావు యూనిట్. పెట్రోలులో అది 80 మిల్లీలీటర్ల పైమాట. లీటరుకు 19 చొప్పున 9 కిలోమీటర్లకి మీరు కాలుస్తున్నది 475 మిల్లీలీటర్లు. అందులో ఆరో వంతు కేవలం ఆగడానికి! 45 దాటకుండా వచ్చి, రెడ్ దగ్గరికి చేరేలోపే అది గ్రీన్ అయ్యేలా దొర్లుకుంటూ వస్తే ఈ ఖర్చు సగానికన్నా తక్కువకి దిగుతుంది.

కొత్తచక్రం
దిగుడులో గేరు లివర్‌ని ‘బీ’ మోడ్‌లో పెడితే ఎక్కువ ఛార్జ్ అవుతుందని చెప్పారు. మా దారిలో ఒక పెద్ద ఫ్లైఓవర్ దిగుడు ఉంది, అక్కడ పెడుతున్నాను.

ఘాట్‌రోడ్డు
తీసేయండి. ‘బీ’ ఉన్నది పొడవైన ఘాట్ దిగుడులో బ్రేకులు కాలిపోకుండా. ఇంజిన్‌ని ఊరికే తిప్పి, దాని రాపిడితో బండిని ఆపుతుంది. బ్యాటరీకి పోవలసిన శక్తిని ఇంజిన్ తిప్పడానికి తగలేస్తుంది. ఫ్లైఓవర్‌కి మామూలుగా నడిపే ‘డీ’లోనే మెత్తగా బ్రేకు వేయండి, అదే ఎక్కువ ఇస్తుంది. కొండ దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోయాక ఎలాగూ కరెంటు పుచ్చుకోదు, అప్పుడు ‘బీ’ దేవుడిలా ఆదుకుంటుంది.

సిగ్నల్‌పక్షి
తప్పు. నా బండిలో ‘బీ’ పెడితే రీజెన్ పెరుగుతుంది, ఇంజిన్ చప్పుడే ఉండదు. రోజంతా ‘బీ’లోనే నడుపుతాను.

ఘాట్‌రోడ్డు
నేను ఆరేళ్లుగా నడుపుతున్నానండీ, తప్పు అనేముందు మాన్యువల్ చదవండి.

స్పానర్
ఇద్దరూ ఆగండి. నేను ఈ బండ్ల మీద పనిచేస్తాను. ఇద్దరూ కరెక్టే, బండ్లు వేరు. టయోటా తరహాలో ప్లానెటరీ గేర్లతో (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక) ఇంజిన్, రెండు మోటార్లు ఒకదానికొకటి కట్టి ఉంటాయి, అందులో ‘బీ’ అంటే ఇంజిన్ బ్రేకింగ్. హోండా ఈ-హెచ్‌ఈవీ, నిస్సాన్ ఈ-పవర్ తరహాలో చక్రాలని ఎక్కువగా మోటారే తిప్పుతుంది, వాటిలో ‘బీ’ అంటే రీజెన్ గట్టిపడటం. అక్షరం ఒకటే, పని వేరు.

అడగకపోయినా చెబుతున్నాను, సిగ్నల్ దాకా న్యూట్రల్‌లో దొర్లించకండి. టయోటా తరహాలో ‘ఎన్’లో బ్యాటరీ ఛార్జ్ కాదు, మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ట్రాఫిక్ జామ్‌లో ‘ఎన్’లో పెట్టి ఏసీ వేసుకుని కూర్చున్నవాళ్ల బండ్లు బ్యాటరీ అయిపోయి నా దగ్గరికొచ్చాయి. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ కరెంటుదే, ఆగి ఉన్నా తాగుతూనే ఉంటుంది. దొర్లించాలంటే ‘డీ’లోనే, పైన చెప్పిన పిసరు తొక్కుడుతో.

కొత్తచక్రం
స్పానర్ గారూ, ఈమధ్య వెనక సీటు పక్క నుంచి హోరుమని ఫ్యాన్ చప్పుడు వస్తోంది. దానికీ మైలేజీకీ సంబంధం ఉందా?

స్పానర్
వెనక సీటు పక్కన జాలీ ఉందా? దాని మీద ఏముంది?

కొత్తచక్రం
ఇప్పుడే కిందికెళ్లి చూసొచ్చాను. పిల్లల స్కూలు బ్యాగు జాలీకి ఆనుకుని ఉంది. కింద ఒక శాలువా. బ్యాగు తీశాక చూస్తే జాలీ రంధ్రాల్లో దుమ్ము దూదిలా పేరుకుంది, వేలితో లాగితే తెరలా ఊడి వచ్చింది.

స్పానర్
అది బ్యాటరీ ముక్కు. బండి లోపలి చల్లగాలిని అక్కడి నుంచే పీల్చుకుంటుంది. ముక్కు మూస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, ఫ్యాన్ అరుస్తుంది. బాగా వేడెక్కితే బండి బ్యాటరీ వాడకం తగ్గించేస్తుంది, బ్రేకులో వచ్చే కరెంటునీ పూర్తిగా పుచ్చుకోదు. మైలేజీ పడిపోవడం అందులో చిన్న నష్టం, బ్యాటరీ ఆయుష్షు తగ్గడం పెద్దది. లోపల ఫిల్టర్ ఉంటే వాక్యూమ్‌తో లాగించండి. ఎండలో పెట్టిన బండి ఎక్కగానే అద్దాలు దించి వేడి బయటికి పంపి ఏసీ వేయండి, మీతోపాటు బ్యాటరీకీ చల్లగా ఉంటుంది.

సగంట్యాంకు
9 కిలోమీటర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. చల్లటి ఇంజిన్‌తో బయల్దేరితే మొదటి కొన్ని నిమిషాలు బండి మన మాట వినదు. ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే గానీ పొగ శుభ్రం కాదు, అందుకని అవసరం ఉన్నా లేకున్నా ఇంజిన్ తిరుగుతుంది. 9 కిలోమీటర్లలో మొదటి రెండు దానికే బలి. సాయంత్రం పనులు మూడుసార్లుగా కాకుండా ఒక్క చుట్టులో పెట్టుకోండి. ఆఫీసాయన ఎంత దూరం నుంచి వస్తారు?

కొత్తచక్రం
22 కిలోమీటర్లు. సగం బైపాస్.

సగంట్యాంకు
అదీ సంగతి. మీ 19కీ ఆయన 23కీ పోలికే లేదు.

పాతగేరుబండి
బైపాస్ అన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ హైబ్రిడ్ గొప్ప పెద్దగా ఉండదు, బ్రేకే లేకపోతే తిరిగొచ్చేదేముంది? అక్కడ పాత సూత్రమే. వేగం 80 నుంచి 100కి పెంచితే బండికి ఎదురయ్యే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. ఈ లెక్క నాకూ వచ్చు, మీటరుపిచ్చికొక్కడికే కాదు. పైన క్యారియర్ ఉంటే ఊరికే మోయకండి, విప్పేయండి. సమతలం మీద క్రూజ్ కంట్రోల్ మంచిదే. ఎత్తుపల్లాల్లో అది వేగం పట్టుకోవాలని ఎక్కుడులో బాదేస్తుంది, అక్కడ కాలే నయం. ఎక్కుడులో ఐదు తగ్గనివ్వు, దిగుడులో అదే తిరిగొస్తుంది.

మీటరుపిచ్చి
పెద్దాయన మాటకి తిరుగులేదు. చివరగా కొలత సంగతి. స్క్రీన్‌ని నమ్మకండి, చాలా బండ్లు కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, మొదటి ఆటో కట్ దగ్గర ఆపండి, కిలోమీటర్లు రాసుకోండి. కనీసం మూడు ట్యాంకులు. సగటు తీసేటప్పుడు మైలేజీలని కూడి భాగించొద్దు. 100 కిలోమీటర్లు 15 చొప్పున, ఇంకో 100 కిలోమీటర్లు 25 చొప్పున నడిస్తే సగటు 20 కాదు, 18.75. మొత్తం కిలోమీటర్లని మొత్తం లీటర్లతో భాగించాలి.

అదే లెక్కలో ఇంకో తమాషా ఉంది. 15 నుంచి 20కి పెంచుకుంటే వెయ్యి కిలోమీటర్లకి 16.7 లీటర్లు మిగులుతాయి. 25 నుంచి 30కి పెంచితే 6.7 మాత్రమే. పైకి పోయేకొద్దీ అంకె ఊరిస్తుంది, మిగిలేది తగ్గుతుంది. 28 దాటాక ఇంకా గింజుకునే నాలాంటివాళ్లకి అది సరదా, పొదుపు కాదు.

కొత్తచక్రం (ఐదు వారాల తర్వాత)
మూడో ట్యాంకు ఈరోజు నింపాను. టైర్లు ఆరు పీఎస్‌ఐ తక్కువున్నాయి, సరిచేశాను. జాలీ శుభ్రం చేశాను, హోరు తగ్గింది. ‘బీ’ మానేశాను. మొత్తం కిలోమీటర్లు, మొత్తం లీటర్ల లెక్కన 22.1. స్క్రీన్ 23.4 అంటోంది. ఈవీ సమయం 63 నుంచి 55కి దిగింది, ఇప్పుడు దాన్ని చూసి బాధ కలగట్లేదు.

నా పాత శత్రువు ఎనిమిదో సిగ్నల్ సంగతి చెబుతాను. ఇదివరకు రెడ్ పడిందని తెలిసినా దాని దాకా లాక్కెళ్లి ఆపేవాణ్ణి. ఇప్పుడు ఏడో సిగ్నల్ దాటి 45కి లేపి కాలు ఎత్తేస్తాను. టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. బాణాలు మాయం. 40, 36, 31. లైను చివరి బండి బ్రేకు లైట్లు ఆరిపోయేసరికి నేను ఇంకా 18 మీద కదులుతూనే ఉంటాను. పదిసార్లలో ఆరేడుసార్లు ఆగకుండానే దాటుతున్నాను. అక్కడ నిలబడి ఇంజిన్ గుర్రుమనడం గత మూడు వారాల్లో ఒక్కసారే విన్నాను.

ఘాట్‌రోడ్డు
శభాష్. బ్రేకులు ఇంత తక్కువ వాడుతున్నారు కాబట్టి డిస్కులకి తుప్పు పడుతుంది. వారానికోసారి, వెనకాల ఎవరూ లేనప్పుడు, ఒకసారి గట్టిగా తొక్కండి.

సిగ్నల్‌పక్షి
నేను మాత్రం ‘బీ’లోనే నడుపుతాను.

వెనకసీటు
కొత్తచక్రం గారూ, 45 నుంచి 18కి అంత మెత్తగా దించుతారా? ఒక ఆదివారం మా ఆయన్ని మీ పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి, పుణ్యం ఉంటుంది.